దాచమనే సలహా ఎవరి మేలు కోసం?



గంజాయి కేసు కోర్టు కొట్టేస్తే ఉద్యోగ ఫారంలో దాన్ని రాయనక్కర్లేదన్న మీ యువత పేజీ సలహా తప్పు, ప్రమాదం కూడా.

కానిస్టేబుల్, సీఆర్పీఎఫ్ కొలువులకు ఎంపికైనవాళ్లు నింపే అటెస్టేషన్ ఫారంలో శిక్ష పడిందా అని మాత్రమే అడగరు. ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు నడిచిందా అనీ అడుగుతారు. కొట్టేసిన కేసుకూ 'అవును' అనే రాయాలి. దాస్తే అనర్హతేనని ఫారం మీదే హెచ్చరిక ఉంటుంది. స్టేషన్ రికార్డు ఎటూ బయటపడుతుంది.

2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, చిన్న వయసులో చేసిన చిన్నపాటి తప్పును అధికారులు మన్నించవచ్చంది. నిజం రాసినా ఉద్యోగం ఇచ్చితీరాలని లేదనీ చెప్పింది. అయినా రాసినవాడికి అడిగే నోరుంటుంది. గంజాయి తాగినందుకు చట్టంలో గరిష్ఠ శిక్ష ఆర్నెల్లే. అబద్ధానికి మాత్రం చేతికొచ్చిన కొలువే పోతుంది. మా పిల్లలు మీ పేజీ నమ్ముతారు, వెంటనే సవరణ వేయండి.

— ఒక అభ్యర్థి తండ్రి, చంద్రశేఖరపురం