పెద్ద బండి ఎవరికి లాభం?

మేం పాడేరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందుకే ఊళ్లో ఏ బేరం వచ్చినా కాయితాలు మా చేతికే ఇస్తారు.

ఇప్పుడొచ్చింది ట్రాక్టరు బేరం. పసుపు డబ్బులు, కాఫీ డబ్బులు కలిపి ఊరంతా ఒక పాత బండి కొందామనుకున్నారు. పాత మిత్సుబిషి శక్తి ఒకటి ఉంది, 18.5 హెచ్‌పీ. ఇంకొంచెం వేసుకుంటే 45 హెచ్‌పీ బండే వస్తుంది కదా అని మైదానం బ్రోకరు ఊదరగొడుతున్నాడు. మన అన్నలు కూడా గ్రూపులో అదే పాట. మేం ఒప్పుకోం.

ఆ బలం ఎక్కడ వాడతారు సెప్పండి? మన మడులు మెట్లు మెట్లుగా ఉంటాయి. పెద్ద బండి ఒక మడిలోంచి ఇంకో మడిలోకి దిగాలంటే గట్టు తెగాలి. తాతలు రాయి రాయి పేర్చి కట్టిన గట్టు అది. తెగితే నీళ్లూ మన్నూ కిందికే. పోనీ దిగింది అనుకుందాం, చివర్న తిరగడానికి చోటేదీ? మూలలన్నీ మళ్లీ నాగలితోనే దున్నాలి. డీజిలు మాత్రం పెద్ద బండి లెక్కే.

పైగా అది మైదానంలో ఏళ్ల తరబడి వరి దమ్ములు చేసిన బండి. కేజ్ వీల్స్‌తో బురదలో నలిగితే ఆయిల్ సీళ్లు పోతాయి, తర్వాత బేరింగులు. పైన రంగు కొత్తది, అవర్ మీటరు తిరగదు.

ట్రాలీకి పెద్దదే మేలు, కాదనం. చిన్నదానికి స్పేర్ల కోసం కొండ దిగాలి, అదీ నిజమే. వాలు మీద అడ్డంగా తోలితే చిన్నది కూడా బోల్తా పడుతుంది. కానీ ఘాట్‌లో లోడు ట్రాలీని ఆ పాత బ్రేకులు ఆపుతాయా?

మాలో ఒకరి మావ ఇలాగే ఎద్దులమ్మి పెద్ద బండి కొన్నాడు. ఆర్సీ పేరు మారలేదు. పాత యజమాని ఫైనాన్సు బాకీ తీర్చలేదని బండి పట్టుకుపోయారు. ఆ ఏడు చోడి చేనుకి దుక్కే లేదు. ఇప్పుడు ఎద్దులూ లేవు, బండీ లేదు.

సంత రోజు అడ్వాన్సు ఇస్తారట. ఏ బండైనా సరే, పొద్దున్నే చల్లటి ఇంజను మీద స్టార్ట్ చేయించి పొగ చూడండి. ఫైనాన్సు ఎన్‌వోసీ, ఫారం 35, పేరు మార్పుకి ఫారం 29, 30 సంతకాలతో చేతిలో పడకుండా రూపాయి ఇవ్వొద్దు.

పెద్దదే కొనాలి అనే అన్నలు ఒకసారి మా ఊరు రండి. ఆ బండిని కింద మడిలోంచి పై మడిలోకి గట్టు తెగకుండా ఎక్కించి చూపించండి.