తరగతిగదికి పునరాగమనం: ఒక పరిశీలన

కాళిదాసు ‘మాళవికాగ్నిమిత్రం’ ప్రథమాంకంలో గణదాస హరదత్తులనే నాట్యాచార్యులిద్దరు తమలో ఎవరధికులో తేల్చమని రాజసన్నిధికి వస్తారు. నిర్ణయభారం వహించిన పరివ్రాజిక వారి శాస్త్రచర్చతో తృప్తిపడదు. శిష్యురాండ్ర ప్రయోగం చూపమంటుంది. విద్య తనయందు ఉండటం ఒక గుణం, దానిని అన్యులలో నెలకొల్పగలగటం మరొక గుణం, ఆ రెండూ గలవానికే ఆచార్యులలో అగ్రస్థానమని ఆమె మతం. పదవి లభించిందిగదా అని పరీక్షకు వెనుదీసేవాడు విద్యను విక్రయించే వర్తకుడే అన్న భావాన్ని కవి ఆ అంకంలోనే గణదాసు నోట పలికించాడు. పదవి పోయిన పిమ్మట ఆచార్యుడు ఏమవుతాడన్నది మాత్రం ఆ నాటకానికి అవసరం లేకపోయింది. నేటి విద్యారంగానికి ఆ ప్రశ్న చాలా అవసరం.

1984లో బ్రిటన్ సహాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యాపథకం, 1990ల ద్వితీయార్ధంలో జిల్లా ప్రాథమిక విద్యాపథకం, ఆపైన సర్వశిక్షా అభియాన్, 2018 నుండి సమగ్ర శిక్ష: పథకం మారినప్పుడల్లా బడులలోని చురుకైన ఉపాధ్యాయులను ఏరి శిక్షకులుగా, మండల రిసోర్స్ పర్సన్లుగా, పాఠ్యగ్రంథ రచయితలుగా డిప్యుటేషన్ మీద తీసుకోవడం ఆనవాయితీ అయింది. పథకానికి గడువు ఉంటుంది. గడువు తీరగానే రిలీవింగ్ ఆర్డరు చేతికి వస్తుంది. నిన్నటిదాకా నూరుమంది ఉపాధ్యాయుల ముందు బోధనపద్ధతులను వివరించినవాడు మరునాడు ఏదో గ్రామంలో హాజరుపట్టీ తెరచి ఒకటవ తరగతి పేర్లు పిలవాలి. జీతంలో పెద్ద నష్టమేమీ ఉండదు. అయినా ఊరు దానిని పతనంగానే లెక్కిస్తుంది. “ఏమండీ, మళ్ళీ బడికే వచ్చేశారా?” అనే పలకరింపులోని ‘కే’ అనే ప్రత్యయం చేసే పని ఏ వ్యాకరణమూ చెప్పదు.

అసలు కష్టం ఈ పరాభవంలో లేదు. విద్యాహక్కు చట్టం (2009) అనుబంధం ప్రకారం అరవైమంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు. తరగతులు అయిదు. అనగా ఒక్కరు ఏకకాలంలో రెండు మూడు తరగతులు నడపాలి. శిక్షణశిబిరంలో ఒక తరగతినే దృష్టిలో పెట్టుకొని నలభైనిమిషాల పాఠ్యపథకాన్ని సోపానక్రమంలో వ్రాయించినవాడు ఇక్కడ మూడవ తరగతికి లెక్క ఇచ్చి, రెండవ తరగతికి చూచివ్రాత పెట్టి, ఒకటవ తరగతి పలకల దగ్గర కూర్చునేసరికి పావుగంట గడిచిపోతుంది. ఒక పిల్ల ‘అమ్మ’ అని స్పష్టంగా పలుకుతుంది, పలకమీద ‘అమ’ అని వ్రాస్తుంది. ఆ పిల్ల చెవిలో లోపం లేదు, బుద్ధిలోనూ లేదు. పలికేటప్పుడు వరుసగా వినిపించే రెండు మకారాలలో రెండవది వ్రాతలో అక్షరం క్రిందికి దిగి, ఆకారం కూడా మార్చుకొంటుందన్న లిపిమర్యాద ఆమెకు ఇంకా పట్టుబడలేదు, అంతే. ‘ద్విత్వాక్షరాల బోధన’ అనే శీర్షికతో కరదీపిక వ్రాసినవానికి కూడా, ఆ పిల్ల తన పలకను తానే వింతగా చూచుకొనే ఆ క్షణం కరదీపికలో పట్టలేదని అప్పుడే తెలుస్తుంది.

ఇట్లా తెలిసివచ్చినది ఎక్కడికి పోతుంది? ఎక్కడికీ పోదు. అది వ్యవస్థ లోపం. శిక్షకుడుగా అతడు వ్రాసినవన్నీ ముద్రితమయ్యాయి. తిరిగివచ్చి ఆ వ్రాతలను తానే పరీక్షించి, ఏది నిలిచిందో ఏది కూలిందో కనుగొన్నప్పుడు అడిగే నాథుడు లేడు. పైపెచ్చు కొత్త పథకం కొత్త శిక్షకులను ఎన్నుకొని, పాత తప్పులనే కొత్త కాగితం మీద అచ్చువేస్తుంది. కొందరు తమ పూర్వపదవిని తలచుకొంటూ తరగతిలో అన్యమనస్కులై కాలం వెళ్ళబుచ్చటం కూడా నిజమే. వారిని సమర్థించనవసరం లేదు.

విశేషజ్ఞానానికి అవిచ్ఛిన్నమైన కాలం కావాలి, గంటకూ గంటకూ నడుమ అది సాగదు అనే ఆక్షేపణ ఉంది. తాళపత్ర పరిష్కరణ, నిఘంటురచన వంటి పనులలో ఆ ఆక్షేపణ సమంజసమే. పాఠాంతరాలు సరిచూచేవానిని బడికి పంపితే రెండూ చెడతాయి. బోధనాశాస్త్రం సంగతి వేరు. దాని ప్రయోగశాల తరగతిగదే. కొలచల మల్లినాథసూరిని స్మరిస్తే ఇది విశదమవుతుంది. అన్వయక్రమంలోనే వివరిస్తాననీ, ఆధారం లేనిది వ్రాయననీ, అనవసరమైనది చెప్పననీ ఆయన చేసిన ప్రతిజ్ఞ ప్రసిద్ధం. శిష్యుడు ఏ పదం దగ్గర ఆగిపోతాడో ఎరిగిన వ్యాఖ్య అది. అట్టి ఎరుక కేవల గ్రంథపఠనం వల్ల కలిగేది కాదు.

కాబట్టి శిక్షకపదవిలో ఉన్నన్నాళ్ళూ వారానికి రెండురోజులైనా ఒక బడిలో పాఠం చెప్పటం నియమం కావాలి. అప్పుడు తిరిగిరావటం అనే మాటకే తావుండదు. ఇప్పటికే తిరిగివచ్చినవారి విషయంలో ఖర్చులేని పని ఒకటున్నది. పాఠశాల సముదాయ సమావేశాలలో పైనుండి వచ్చిన ఉత్తర్వులు చదవటానికే పూట గడిచిపోతుంది. అందులో అరగంట వీరికి కేటాయించి, పూర్వం తాము బోధించిన పద్ధతులలో ఈ నెల తమ తరగతిలో ఏది సాగలేదో పలకలతో సహా చూపమనాలి. ఆ అరగంటలో పుట్టిన మాటలను ఎవరో ఒకరు వ్రాసి, తరువాతి కరదీపిక కూర్చేవారికి అందజేయాలి.