నేల మీద నెపం

'మా నారు శుభ్రం. నులిపురుగు మీ నేలలోనే ఉంది.' వేరంతా బుడిపెలు కట్టి వాడిపోయిన టమాటా మొక్కను పట్టుకుని వెళ్లిన కృష్ణగిరి జిల్లా జవళగిరి, తళి రైతుకు నారు అమ్మినవాళ్లు చెప్పే జవాబు ఇది. బిల్లు అడుగున ఇంకో వాక్యం: 'నాటిన తర్వాత మాకు బాధ్యత లేదు.' రెండోది దబాయింపు. మొదటిదాంట్లో నిజాయతీ లేదు.

నేలలో పురుగు ముందే ఉండొచ్చు. ఏటా అదే మడిలో టమాటా పెడితే పెరుగుతుంది కూడా. కానీ ఈ పురుగు తనంతట తాను ఏడాదికి ఒక మీటరు పాకడమే గగనం. మరి కొత్తగా బోరు వేసి తొలిసారి టమాటా పెట్టిన చేనులోకి ఎలా వచ్చింది? మట్టి అంటిన ట్రాక్టరుతో రావచ్చు, పారే నీటితో రావచ్చు. చేనంతటా మొక్కమొక్కకీ ఒక్కరోజులో చేరాలంటే మాత్రం నారుతోనే రావాలి.

కొబ్బరి పొట్టులో పెంచాం, పురుగెలా వస్తుందంటారు. ట్రేలను మట్టి నేల మీద పరిచినా, పాత ట్రేలు కడక్కుండా మళ్లీ నింపినా ఆ మాట చెల్లదు. నారు దిగిన రోజే పది మొక్కల వేళ్లు చెంబు నీళ్లలో కడిగి చూడండి. మంచి వేరు తెల్లటి దారంలా జారుతుంది. పురుగు పట్టిన వేరు మీద ఆవగింజలంత బుడిపెలు వేలికి తగులుతాయి. మీ చేను మట్టి ఇంకా తాకని వేరు మీద బుడిపె ఉంటే, ఆ పురుగు ఎవరి నేలది?

ఒక్కో ఆడపురుగు వందల గుడ్లు పెడుతుంది. ఒకసారి చేరితే చేనును పూర్తిగా వదలదు. వేపపిండి, బంతి పంట, హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన జీవ శిలీంధ్రాలు తగ్గిస్తాయి, అంతే. ఆ ఖర్చు ఏటా రైతు నెత్తినే. అడవి నుంచి ఏనుగు దిగి పంట తొక్కితే అధికారి వచ్చి నష్టం కొలుస్తాడు. వేరు కింద జరిగిన నష్టాన్ని కొలవడానికి ఎవరూ రారు.

1966 విత్తన చట్టం నారును కూడా విత్తనంగానే లెక్కగట్టింది. బిల్లు మీద అచ్చేసుకున్న వాక్యం ఆ చట్టాన్ని కొట్టేయలేదు. కృష్ణగిరి జిల్లా యంత్రాంగం ప్రతి నర్సరీలో వేరు నమూనాలు తీయించాలి. పరీక్ష చీటీ లేని ట్రే గేటు దాటకూడదు. అప్పటిదాకా రైతులారా, వేరు కడిగి చూడనిదే డబ్బు కట్టకండి.