నొప్పి చెప్పుకునే హక్కు

ఈ మధ్య సూళ్లూరుపేటలో ఒకామెతో సాయంత్రమంతా మాట్లాడుతూ కూర్చున్నాను. పేరు రాయను. నాకంటే రెండేళ్లు చిన్న. నాట్లకూ కోతలకూ పోయే మనిషి. గర్భసంచి తీసేశాక నడుంనొప్పి పట్టుకుంది. పని మానుకుంటే పొయ్యి వెలగదు కాబట్టి ఆర్‌ఎంపి దగ్గర సూది వేయించుకుని పొలానికి పోయేది. సూది తర్వాత ట్రమడాల్ బిళ్లలు. మొదట రోజుకొకటి, తర్వాత నాలుగు, ఆ తర్వాత లెక్కలేదు. బిళ్ల దొరకని రోజు ఒళ్లంతా పీకడం, చెమటలు, విరేచనాలు, కంటిమీద కునుకు లేకపోవడం. ఇది అలవాటుపడటమని ఆమెకు తెలిసేసరికి మూడేళ్లు గడిచిపోయాయి. చెన్నైలో చికిత్స తీసుకుంది. డాక్టరు రాసిచ్చిన బ్యూప్రెనార్ఫిన్ బిళ్లతో ఏడాదిన్నరగా నిలదొక్కుకుంది. అంతలో బస్సు దిగుతూ పడి మణికట్టు విరగ్గొట్టుకుంది.

కట్టు కట్టించుకోవడానికి వెళ్లిన ఆసుపత్రిలో ఆమె ఏమీ దాచలేదు. వాడుతున్న బిళ్ల చూపించింది. "అలవాటు పడినదానివి, నొప్పి మందిస్తే మళ్లీ మొదలుపెడతావు, ఓర్చుకో" అన్నారు. ఆ రాత్రంతా ఓర్చుకుంది. తెల్లవారుజామున పాత మందుల షాపు గుర్తొచ్చిందట. చెల్లెలు పక్కనే ఉండి పోనివ్వలేదు. "నిజం చెప్పినందుకు శిక్ష పడింది అక్కా. ఈసారి చెప్పను" అంది. ఈ సంపాదకీయం రాయడానికి కారణం ఆ చివరి మాట.

సూళ్లూరుపేట 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలోకి వచ్చింది. అంతకు ముందు నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించిన జిల్లా. వాళ్లు రగిలించిన పోరాటం వల్లే 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. మత్తు వెనుక కాంట్రాక్టరూ, ప్రభుత్వ ఆదాయమూ ఉంటాయని ఆ ఉద్యమం మనకు నేర్పింది. కానీ ఆ చిత్రంలో తాగేది మగవాడు, తన్నులు తినేది ఆడది. తానే మందుకు బందీ అయిన స్త్రీని ఎలా చూడాలో మనం ఇంకా నేర్చుకోలేదు.

కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ ఎయిమ్స్‌తో చేయించి 2019లో విడుదల చేసిన సర్వే ప్రకారం నల్లమందు జాతి మత్తులు వాడేవారు పురుషుల్లో నూటికి 4, స్త్రీలలో 0.2. ఈ జాతిలో హెరాయిన్ ఒక్కటే లేదు. ట్రమడాల్, పెంటజోసిన్ సూది, కోడీన్ ఉన్న దగ్గుమందు కూడా ఇందులోవే. స్త్రీల సంఖ్య తక్కువ కావడంతో చికిత్సా కేంద్రాలు చాలావరకు మగవాళ్లను దృష్టిలో పెట్టుకునే నడుస్తున్నాయి. పిల్లల్ని ఎవరికి అప్పగించి అక్కడ చేరాలో, బయటికొచ్చాక అత్తింట్లో ఏం చెప్పుకోవాలో ఎవరూ ఆలోచించరు.

మానుకున్న మనిషికి నొప్పి తగ్గదనీ, తగ్గించకూడదనీ అనుకోవడం రెండూ తప్పే. ఈ మందులు చాలాకాలం వాడిన శరీరం నొప్పిని మామూలు కంటే ఎక్కువగా పసిగడుతుంది. కాబట్టి ఆమె నటించడం లేదు. పట్టించుకోని నొప్పే మళ్లీ పాత షాపు ముందు నిలబెడుతుంది. విరిగిన ఎముకకైనా, ఆపరేషన్‌కైనా, కాన్పుకైనా దారులున్నాయి. పారాసిటమాల్ వేళ తప్పకుండా ఇవ్వొచ్చు. మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు లేకపోతే ఐబుప్రొఫెన్ వంటివి జత చేయొచ్చు. నొప్పి ఉన్న చోటికి పోయే నరాన్ని మొద్దుబార్చే సూది ఉంది. బ్యూప్రెనార్ఫిన్ మీద ఉన్నవాళ్లకు సాధారణంగా దాన్ని ఆపనక్కరలేదు. రోజు మోతాదునే మూడు నాలుగు భాగాలు చేసి ఇస్తే అదే కొంత నొప్పిని తగ్గిస్తుంది. గర్భిణులైతే దాన్ని హఠాత్తుగా మానేయడమే ప్రమాదం. వీటితో ఆగని నొప్పికి బలమైన మందు కూడా డాక్టరు కనుసన్నల్లో, కొద్దిరోజులకు, రోజువారీ లెక్కన ఇవ్వొచ్చు. బిళ్లలు ఇంట్లో నమ్మకమైన మనిషి దగ్గర ఉంచుకోవచ్చు.

ప్రాణం మీదికి తెచ్చే విషయాలు మూడున్నాయి. బ్యూప్రెనార్ఫిన్ వాడుతున్నవారికి తెలియక పెంటజోసిన్ సూది వేస్తే మానేసినప్పటి బాధలన్నీ ఒక్కసారిగా తిరగబెట్టవచ్చు. నాల్ట్రెక్సోన్ వాడుతున్నవారికి నల్లమందు జాతి మందులు పనిచేయవు. అందుకే ఆపరేషన్ ఉందని దాన్ని రాసిన డాక్టరుకు ముందే చెప్పాలి. పని చేయలేదని మోతాదు పెంచుకుంటూ పోతే ఊపిరి ఆగిపోవచ్చు. ఇక కొన్ని నెలలు మానేసిన శరీరం పాత మోతాదును తట్టుకోలేదు. ఒక్కసారేగా అని వేసుకున్నవాళ్లు చనిపోతున్నారు. ఈ మూడూ జరగకుండా ఉండాలంటే ఆమె నిజం చెప్పగలగాలి. నిజం చెప్పినదాన్ని దండిస్తే రేపు ఆమె దాస్తుంది.

చట్టం వల్ల కూడా దెబ్బ తిన్నాం. 1985లో ఎన్‌డిపిఎస్ చట్టం వచ్చాక కేసుల భయంతో ఆసుపత్రులు మార్ఫిన్‌ను దూరం పెట్టాయి. 1997 నాటికి దేశం మొత్తం ఏడాది వాడకం 18 కిలోలకు పడిపోయింది. కేన్సర్ రోగులు అరుస్తూ చనిపోయారు. 2014లో సవరణ చేసి అత్యవసర మందులకు దారి సులభం చేశారు. 2018లో ట్రమడాల్‌నూ ఈ చట్టం కిందికి తెచ్చారు. అది అవసరమే. కానీ బిళ్లను కట్టడి చేసి, దానికి బందీ అయిన మనిషినీ ఆమె నడుంనొప్పినీ గాలికొదిలేస్తే సగం పనే చేసినట్టు.

మన చేతిలో ఉన్న ఆయుధం 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. మద్యం, మత్తుమందుల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా అది జబ్బుగానే లెక్కిస్తుంది. శరీరానికి జబ్బు చేసినవాళ్లతో సమానంగా చూడాలంటుంది. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. వార్డులో అందరి ముందూ "అలవాటు పడినది" అనడం ఈ చట్టం స్ఫూర్తికే విరుద్ధం.

సంఘాలు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. ఇలాంటి స్త్రీ ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఒక కార్యకర్త తోడు వెళ్లాలి. ఏ మందు, ఎంత, ఎప్పటినుంచి వాడుతోందో, రాసిన డాక్టరు ఎవరో ఒక కాగితం మీద ఉండాలి. ఇద్దరు డాక్టర్లు ఫోన్‌లోనైనా మాట్లాడుకునేలా పట్టుబట్టాలి. 14446 హెల్ప్‌లైన్ నెంబరు ప్రతి సమావేశంలో చెప్పాలి. సూది మీద బతుకుతున్న కూలి స్త్రీల గురించి ఆశా కార్యకర్తలతో కలిసి మాట్లాడాలి. ఆ నడుంనొప్పి వెనుక రోజంతా వంగి చేసే పని ఉంది, విశ్రాంతి లేని కూలి ఉంది, చిన్న వయసులో తీసేసిన గర్భసంచులున్నాయి. అవి మన పాత డిమాండ్లే.

ఓర్చుకోవడం ఆడదాని గుణమని చిన్నప్పటినుంచీ వింటూనే వచ్చాం. దాన్నే ఇప్పుడు వైద్యం పేరుతో చెబుతున్నారు. సూళ్లూరుపేటలో ఆమె మణికట్టు అతుక్కుంది. బ్యూప్రెనార్ఫిన్ సాగుతోంది. వచ్చేసారి ఆసుపత్రిలో ఆమె నిజం చెబుతుందా లేదా అన్నది మాత్రం మన మీద కూడా ఆధారపడి ఉంది.