తుపాకి ట్రిగ్గరు: దిద్దుటయా, మార్చుటయా?

గురి తప్పిన ప్రతి యువకుడును నేడు నిందించునది తన చేతిని గాదు, తుపాకి ట్రిగ్గరును. రైఫిలు చేతికి వచ్చి మాసము తిరుగకమున్నే “ఇది బరువు, దీని నూడదీసి విదేశపు ట్రిగ్గరు బిగించినగాని పది రాదు” అను మాట క్లబ్బులలో వేదవాక్యమగుచున్నది. ఆడలేక మద్దెల యోడన్న సామెత వీరికొరకే పుట్టినట్లున్నది!

ట్రిగ్గరు స్వల్పవిషయమని మేమనము. పది మీటర్ల ఎయిర్ రైఫిలు లక్ష్యమున పదిపాయింట్ల చుక్క వ్యాసము అర మిల్లీమీటరు మాత్రమే. వ్రేలి యొత్తిడికి తుపాకి వెండ్రుకవాసి చలించినను చుక్క తప్పును. తేలిక ట్రిగ్గరు మేలనుటకు అంతర్జాతీయ నిబంధనలే సాక్షి: ఎయిర్ పిస్తోలుకు 500 గ్రాములు, 300 మీటర్ల స్టాండర్డు రైఫిలుకు 1500 గ్రాములు కనీసపు టొత్తిడిగా విధింపబడినది. తగ్గింపగోరువారు లేనిచో హద్దేల?

అయినను ఆ మేలు కొన్ననే గాని రాదా? పోటీలకై చేసిన రైఫిళ్లలో పెక్కింటికి సవరించు మరలు అమర్చియే యుందురు. ఒకటి ఒత్తిడిని, ఒకటి మొదటి అంచె దూరమును, వేరొకటి కొక్కెము విడివడిన పిమ్మట మీట సాగు దూరమును దిద్దును. ఆ మరల నెరుగక, తయారీదారు డిచ్చిన పుస్తకమైన విప్పక, తండ్రి కష్టార్జితమును అంగడిలో ధారపోయుట వివేకమా? క్రొత్తది బిగించినను దానినిగూడ సవరింపక తప్పదు గదా!

సవరణ మనగా ఆకురాయి పట్టుట గాదు. పేల్చుసూదిని నిలిపియుంచు కొక్కెపు టంచు గట్టిపరచిన యుక్కు. దాని నరగదీసినచో పట్టు సడలి, బోల్టు మూయుటతోడనే తుపాకి ప్రేలవచ్చును. అప్పుడు పోవునది పాయింటు గాదు, ప్రక్కవాని ప్రాణము. 2014లో అమెరికాయందు రెమింగ్టను కంపెనీ, కూర్పులో జిగురు పదార్థ మధికమై తుపాకి తానై ప్రేలవచ్చునని, ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగ్గరుగల 700, సెవెన్ రకముల రైఫిళ్లను వెనుకకు రప్పించెను. కర్మాగారమే పొరబడినచోట ఇంటి ఆకురాయి పొరబడదా?

మార్చవలసిన సమయము లేకపోలేదు. అంచు అరిగిన నాడు, సవరించు మరలే లేని నాడు, కొలిచిన ప్రతిసారియు ఒత్తిడి వేరువేరుగ నున్న నాడు మార్చవలసినదే. అదియు లైసెన్సుగల పనివాని చేతనే.

2008లో బీజింగులో అభినవ్ బింద్రా స్వర్ణమును, 2012లో లండనులో మన హైదరాబాదు యువకుడు గగన్ నారంగ్ కాంస్యమును ఎయిర్ రైఫిలుతో గెలిచిరి. అట్టి పతకములు ట్రిగ్గరుతోబాటు ఏ యంగడిలోను అమ్ముడుపోవు. కావున యువకులారా! శిక్షకుని యెదుట ముందు వ్రేలిని దిద్దుకొనుడు, పిమ్మట మరను దిద్దుడు; సంచి ముడి విప్పుట కడపటి పని.