ఆమె నిద్రకు సాక్షి ఎవరు?

మా అక్క బస్సులో నిద్రపోయి నకిరేకల్‌లో తేలిన సంగతి మా ఇంట్లో చాలా రోజులు నవ్వుల కథ. కోదాడలో బస్సెక్కి సూర్యాపేటలో మా ఇంటికి రావాల్సిన మనిషి. మునగాల దాటకముందే కన్నంటుకుందట. లేచి చూసేసరికి సూర్యాపేట ఎప్పుడో వెనకబడింది. "ఏందమ్మా, పేట పేట అని అంత మొత్తుకున్నా వినలేదా?" అని కండక్టరు కోప్పడ్డాడట. మేమంతా కడుపుబ్బ నవ్వాం. అక్క కూడా నవ్వింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ నవ్వుకు సిగ్గేస్తుంది.

అక్కకు 48 ఏళ్లు, బరువు 49 కిలోలు. పెళ్లినాటి జాకెట్లు ఒక కుట్టు విప్పితే ఇప్పటికీ పడతాయి. నాలుగేళ్లుగా ఫోన్ చేస్తే ఒకటే మాట, "ఒంట్లో సత్తువ లేదే చెల్లె" అని. పొద్దున లేస్తూనే తలనొప్పి. రాత్రి మూడు నాలుగుసార్లు బాత్రూముకు లేవడం. చిన్నమాటకే కోపం, ఆ వెంటనే ఏడుపు.

డాక్టర్లకు చూపించలేదని కాదు. రక్తం తక్కువుందని ఒకరు ఐరన్ గోలీలు ఇచ్చారు. థైరాయిడ్ పరీక్ష చేయిస్తే బాగానే ఉందన్నారు. నెలసరి ఆగే వయసు కదమ్మా అన్నారు ఇంకొకరు. ఎక్కువ ఆలోచించకు అని మరొకరు నిద్రగోలీ రాశారు. అది వేసుకుంటే పొద్దున తల ఇంకా బరువెక్కేది. ఈలోపు బీపీ మొదలైంది. ఒక మధ్యాహ్నం పొయ్యి మీద పప్పు పెట్టి, కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. గిన్నె మాడి ఇల్లంతా పొగ కమ్ముకుంటే పక్కింటామె తలుపు బాది లేపింది. ఆ రోజు నుంచి మేం నవ్వడం మానేశాం.

అసలు సంగతి బయటపడింది మిర్యాలగూడలో, మా నాయిన సంవత్సరీకం నాటి రాత్రి. చుట్టాలతో గదులన్నీ నిండిపోయి అమ్మ, అక్క, నేను హాల్లో వరసగా పడుకున్నాం. రాత్రి రెండింటప్పుడు దోమ కుట్టి మెలకువ వచ్చింది. పక్కన అక్క దగ్గర సన్నని చప్పుడు. దాన్ని గురక అని కూడా అనలేం, పిల్లి గుర్రుమన్నట్టుంది. ఉన్నట్టుండి అదీ ఆగిపోయింది. ఛాతీ కదులుతోంది గానీ ముక్కు దగ్గర చెయ్యి పెడితే గాలి తగలడం లేదు. గోడగడియారం చప్పుడు లెక్కపెట్టాను. 22 దాకా వచ్చాక, గొంతులో అడ్డం తీసినట్టు ఒక్కసారి గాలి పీల్చి అటు తిరిగింది. కాసేపటికి మళ్లీ అదే. నాకు కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. ఫోన్ తీసి వీడియో పట్టాను.

పొద్దున్నే అడిగితే అక్క నమ్మలేదు.

"నాకా? నేను మంచిగనే పడుకున్న."

అమ్మ కూడా తీసిపారేసింది. "దానికి చిన్నప్పటి సంది నోరు తెరిచి పడుకునుడు అలవాటే. గురక అంటే మీ బావదే."

నిజమే, బావ గురక వీధంతటికీ తెలుసు. ఆయన సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. వారం తప్పించి వారం నైట్ షిఫ్టు. ఇంట్లో ఉన్న రాత్రుళ్లు ఆ గురక భరించలేక అక్క చాప తీసుకుని హాల్లోకి వచ్చేస్తుంది. అంటే ఇరవై ఐదేళ్ల కాపురంలో బావ ఎలా నిద్రపోతాడో అక్కకు తెలుసు. అక్క ఎలా నిద్రపోతుందో ఎవరికీ తెలియదు.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఈ ఒక్క మాటే. మన ఇళ్లల్లో ఆడమనిషి అందరికంటే ఆఖరున పడుకుంటుంది, అందరికంటే ముందు లేస్తుంది. ఆమె నిద్రకు సాక్షి ఉండదు. స్లీప్ ఆప్నియా అనే జబ్బేమో పక్కన ఒక సాక్షి ఉంటే గానీ తొందరగా దొరకదు.

నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. పది సెకన్లో, అంతకంటే ఎక్కువో ఊపిరి ఆగుతుంది, లేదా బాగా తగ్గిపోతుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతే మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. మనకు మెలకువ వచ్చినట్టే తెలియదు. గంటకు ఇలా 5 నుంచి 15 సార్లయితే తక్కువ స్థాయి, 15 నుంచి 30 అయితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. పట్టించుకోకపోతే బీపీ, గుండెజబ్బు, పక్షవాతం దాకా వెళ్లవచ్చు.

ఈ జబ్బు పేరు చెబితే మనకు కళ్లముందు కనిపించేది లావుపాటి మగమనిషి. 2022 ఫిబ్రవరి 15న బప్పి లహరి పోయినప్పుడు చాలామంది ఈ పేరు మొదటిసారి విన్నారు. 'సింహాసనం', 'గ్యాంగ్ లీడర్' పాటలతో మనకు బాగా దగ్గరైన మనిషి. ఆయన విషయంలో వైద్యులు చెప్పిన కారణం ఇదే. టీవీలో ఆయన బొమ్మ చూసి, ఓహో ఇలాంటి ఒళ్లున్నవాళ్లకు వచ్చే జబ్బన్నమాట అనుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

మనమే కాదు, వైద్యమూ అలాగే మొదలైంది. 1956లో అమెరికా డాక్టర్లు దీనికి దగ్గరి జబ్బు ఒకదానికి 'పిక్‌విక్ సిండ్రోమ్' అని పేరు పెట్టారు. డికెన్స్ నవలలో ఎప్పుడూ కునికిపాట్లు పడే లావుపాటి కుర్రాడు ఉంటాడు, ఆ పేరు అతన్ని చూసి పెట్టిందే. ఇప్పుడు చాలాచోట్ల వాడే 'స్టాప్ బ్యాంగ్' అనే ప్రశ్నల పట్టిక 2008లో కెనడా నుంచి వచ్చింది. ఆపరేషన్‌కు ముందు రోగుల్ని వడగట్టడానికి తయారైన పట్టిక అది. అందులో ఎనిమిది ప్రశ్నలు: గట్టిగా గురక పెడతారా, పగలు అలసటగా ఉంటుందా, నిద్రలో మీ ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా, బీపీ ఉందా, బరువు బాగా ఎక్కువా, వయసు 50 దాటిందా, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు మించిందా, మగవారా. మూడు అవునులు వస్తే అనుమానించాలి.

అక్క తరఫున నేనే నింపి చూశాను. అలసట ఉంది, బీపీ ఉంది. మిగతావన్నీ లేవు. మొత్తం రెండు, అంటే ముప్పు తక్కువ! ఊపిరి ఆగడం ఎవరైనా చూశారా అన్న ప్రశ్నకు మిర్యాలగూడ రాత్రి తర్వాతే అవును అని పెట్టగలిగాను. అప్పుడు మూడయింది. ఆ దోమ కుట్టకపోతే అక్క ఇంకా రెండు దగ్గరే ఉండేది.

1993లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో 30 నుంచి 60 ఏళ్ల ఉద్యోగులను పరీక్షిస్తే మగవాళ్లలో 24 శాతం, ఆడవాళ్లలో 9 శాతం మందికి గంటకు 5 సార్లు, ఆపైన ఊపిరి అడ్డం పడుతోందని తేలింది. మగవాళ్లకే ఎక్కువ, కాదనను. కానీ 1997లో ఆ పరిశోధకులే ఇంకో లెక్క చెప్పారు. ఈ జబ్బు మధ్యస్థంగానో తీవ్రంగానో ఉండి కూడా బయటపడనివాళ్లు మగవాళ్లలో 82 శాతం, ఆడవాళ్లలో 93 శాతం ఉంటారని వాళ్ల అంచనా.

ఆడవాళ్లలో లక్షణాలు కూడా వేరుగా ఉండవచ్చు. పెద్ద గురకకు బదులు నిద్ర పట్టకపోవడం, పొద్దున తలనొప్పి, నీరసం, దిగులు. నెలసరి ఆగే వయసులో, కాపాడుతున్న హార్మోన్లు తగ్గి ముప్పు పెరుగుతుంది. సన్నగా ఉన్నా దవడ చిన్నదై వెనక్కి ఉంటే గాలి దారి ఇరుకవుతుంది. మా అక్కది అచ్చం మా నాయనమ్మ గడ్డం, చిన్నది. ఇదంతా మనకు 'వయసు' అనే ఒక్క మాటలో సర్దుకుపోతుంది.

వీడియో చూసిన డాక్టరుగారు కూడా మొదట "ఈమెకా?" అన్నారు. అయినా హైదరాబాదుకు పరీక్ష రాశారు. ఒళ్లంతా వైర్లు పెట్టి రాత్రంతా నిద్రలో చూశారు. సగటున గంటకు 19 సార్లు. కలలు వచ్చే నిద్రలోనైతే 40 దాటింది. ఆడవాళ్లలో ఇలా ఆ నిద్రలోనే ఎక్కువ రావడం మామూలేనట. నిద్రగోలీ మాన్పించి, సీపాప్ అనే మిషన్ రాశారు. ముక్కుకు మాస్కు పెట్టుకుంటే అది గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా చూస్తుంది.

మిషన్ నలభై వేలు అనగానే అక్క, "నా నిద్రకు అన్ని పైసలా? వద్దే" అంది. బావ ఒకటే అన్నాడు: "నా బండికి లక్ష పెట్టినం గద. అప్పుడు అడిగినవా?" ఆ మాటకు బావ మీద నాకు గౌరవం పెరిగింది. మొదటి పదిరోజులు అక్క మాస్కు పీకి పారేసేది. నెల దాటాక అలవాటైంది. పొద్దున తలనొప్పి పోయింది. కోపం పూర్తిగా పోలేదు లెండి, అది పుట్టుకతో వచ్చింది.

అలసటలన్నీ ఇదే జబ్బని నేననడం లేదు. ముందు రక్తం, థైరాయిడ్ చూడడం సరైన పనే. నా ఫిర్యాదల్లా అక్కడితో ఆపేయడం మీద. వాటికి మందు వేసుకున్నా నీరసం తగ్గకపోతే, "నా నిద్రను ఒకసారి పరీక్షిస్తారా?" అని మనమే నోరు తెరిచి అడగాలి. సన్నగా ఉన్నావు, ఆడదానివి, నీకేంటి అంటే ఊరుకోకూడదు. గురక పెడతావని ఎవరైనా అంటే సిగ్గుపడి కాదనకూడదు.

ఇంకోటి, మీ అమ్మ పక్కనో, అక్క పక్కనో, అత్తమ్మ పక్కనో ఒక రాత్రి పడుకుని కాసేపు వినండి. పోయిన వారం మిర్యాలగూడ వెళ్లినప్పుడు నేను అమ్మ పక్కన పడుకుని అరగంట విన్నాను. అమ్మ హాయిగానే నిద్రపోయింది. పొద్దున్నే అక్కకు ఫోన్ చేసి ఆ మాటే చెప్పాను. "మరి నీది ఎవరు విన్నరే?" అంది అక్క. నా దగ్గర జవాబు లేదు. వచ్చే శనివారం కోదాడ వెళ్తున్నాను.