మెదక్ రంగుటద్దాలు: ఒక శిల్పి జీవితం, మన కర్తవ్యం

మన భాషలో ‘గాజు’ అనగానే ముందుగా స్త్రీల చేతి ఆభరణమే స్ఫురిస్తుంది. ఆ తరువాతనే కిటికీ పలక, సీసా, లాంతరు చిమ్నీ. ఇసుక, క్షారము, సున్నము కలిపి కొలిమిలో కరగించగా పుట్టిన ఈ పదార్థానికి ఒక లలితకళగా, అందునా ఆరాధనా మందిరాలకు తగిన కళగా శతాబ్దాల గౌరవం ఉన్నదన్న సంగతి మన విద్యార్థులలో కొద్దిమందికే తెలుసు. అయితే మెదక్ చర్చిని చూచి వచ్చినవారు మాత్రం మా తుళ్లూరు ప్రాంతంలోనే పలువురున్నారు. వారిలో క్రైస్తవులే గాక మా హిందూ, ముస్లిం మిత్రులును ఉన్నారు. అక్కడ ఏమి చూచితిరని అడిగితే గోపురం ఎత్తు 175 అడుగులని చెబుతారు. క్రిస్మస్‌నాటి జనసమ్మర్దాన్ని వర్ణిస్తారు. మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలున్నవనీ, ప్రొద్దు గ్రుంకితే వాటి మీది బొమ్మలు కనబడవనీ ఆశ్చర్యంతో చెబుతారు. వాటిని చేసినదెవరని అడిగితే మాత్రం, “ఎవరో ఇంగ్లీషు దొర” అని ఊరుకుంటారు.

ఆ ‘ఎవరో’ పేరు ఫ్రాంక్ ఓవెన్ సాలిస్‌బరీ. 1874 డిసెంబరు 18న ఇంగ్లాండులోని హార్పెండెన్ అనే చిన్న ఊరిలో జన్మించాడు. తండ్రి జమీందారు కాడు, పండితుడు కాడు. నీటి గొట్టాలు, కిటికీ అద్దాలు బిగించే పనివాడు, ఇనుప సామాను వర్తకుడు. బాల్యంలో ఆరోగ్యం చాలక ఆయనకు బడి చదువు దాదాపు అబ్బలేదు. ఇంటి వద్ద అక్కగారు చెప్పిన పాఠాలే ఆయన విద్య. పదునైదవ ఏట సెయింట్ ఆల్బన్స్ పట్టణంలో అన్నగారు నడుపుతున్న రంగుటద్దాల కార్ఖానాలో పని నేర్చుకొనుటకు చేరినాడు. గాజును కోయడం, దానిపై ముఖాలు చిత్రించడం, కొలిమిలో కాల్చడం, సీసపు పట్టీలలో కూర్చడం – ఇవన్నీ అక్కడ చేతితో నేర్చిన విద్యలే. ఆ పనితనం చూచి అన్నగారే చిత్రలేఖనం నేర్చుకొనుటకు ప్రోత్సహించగా, లండనులోని రాయల్ అకాడమీ పాఠశాలలో ప్రవేశించి ఉపకారవేతనాలు సంపాదించుకొన్నాడు.

తదనంతర జీవితం సుప్రసిద్ధమే. చర్చిలు, రూజ్వెల్టు, బ్రిటిష్ రాజకుటుంబీకులు మొదలైన వారెందరో ఆయన ఎదుట కూర్చుండి తమ రూపాలు వ్రాయించుకొన్నారు. అమెరికా శ్వేతభవనంలోని రూజ్వెల్టు అధికారిక చిత్రం ఆయనదే. ఇంత కీర్తి గడించినను రాయల్ అకాడమీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనలేదు. నవ్య చిత్రకళ ఆయనకు గిట్టలేదు. ఆయన చిత్రకళ నవ్యులకు గిట్టలేదు. ఈ వివాదంలో మేము ఏ పక్షమూ వహింపబోము. మేము చెప్పదలచినది మరొకటి: దేశాధినేతల చిత్రాలను గూర్చి పుస్తకాలు వ్రాసినవారు, ఆయన తొలుత నేర్చిన చేతిపనిని గూర్చి ఒక వాక్యంతో సరిపెడతారు. మన తెలుగునాట మాత్రం ఆయన జ్ఞాపకం నిలిచినది ఆ చేతిపని వల్లనే.

మెదక్ చర్చి నిర్మాణానికి మూలపురుషుడు వెస్లియన్ మెథడిస్టు మిషనరీ అయిన చార్లెస్ వాకర్ పాస్నెట్. 1914లో ప్రారంభమైన పని పదేళ్ళు సాగి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. అది మొదటి ప్రపంచ యుద్ధపు రోజులు, కరవు కాలం. పనికి వచ్చినవారికి కూలి, కూలితో పాటు అన్నం దొరికినవి. ఆ రాళ్ళెత్తిన చేతులలో అన్ని మతాలవారివీ ఉన్నవని ఆ ప్రాంతపు పెద్దలు చెప్పుకొంటారు. ఇట్లు కట్టిన మందిరానికి కిటికీలు చేయుటకు సాలిస్‌బరీ పూనుకొన్నాడు. ఆయనయు మెథడిస్టు కుటుంబంలో పెరిగిన భక్తుడే.

ఇక్కడ తేదీలను కొంచెం నిదానించి చూడవలెను. బలిపీఠం వెనుకనున్న క్రీస్తు ఆరోహణ గవాక్షం 1927 నాటిది. క్రీస్తు జనన గవాక్షం 1947 నాటిది. సిలువ గవాక్షం 1958 నాటిది. మొదటిది చేసిననాడు శిల్పి ఏబది దాటినవాడు. మూడవది పూర్తియైననాటికి ఎనుబది మూడేళ్ళ వృద్ధుడు. మొదటిది నిజాము రాజ్యంలోని ఒక మిషను గుడికి వచ్చినది. రెండవ దాని సంవత్సరంలోనే దేశం స్వతంత్రమైనది. దక్షిణ ఇండియా సంఘమూ ఆ సెప్టెంబరులోనే ఏర్పడినది. మూడవది వచ్చునప్పటికి నిజాము ప్రభుత్వం పోయి, హైదరాబాదు రాష్ట్రమూ పోయి, మెదక్ ఆంధ్రప్రదేశ్‌లో ఒక జిల్లా అయినది. 2014 నుండి తెలంగాణ. ఇన్ని జెండాలు మారినను ఒకే చేతి వ్రాత అక్కడ ముప్పదియొక్క సంవత్సరాల పాటు సాగినది. 1962లో సాలిస్‌బరీ మరణించాడు. సిలువ గవాక్షం ఆయన చివరి దశాబ్దపు పంట అనవచ్చును.

రంగుటద్దాల కిటికీ అనగా గాజుపై రంగు పూసిన బొమ్మ అని చాలమంది అనుకొంటారు. అది నిజం కాదు. ముఖ్యమైన రంగు గాజు కరగుచున్నప్పుడే అందులో కలుస్తుంది. కోబాల్టు వేసిన నీలము, రాగి వేసిన ఆకుపచ్చ లేక ఎరుపు, బంగారం వేసిన మాణిక్యపు ఎరుపు, మాంగనీసు వేసిన ఊదా. మా కల్లాలలో ఎండబోసిన మిరపకాయల ఎరుపును ఎరిగినవారమే గాని, బంగారంతో ఎరుపు పుడుతుందని విన్నప్పుడు మాకును వింతగానే తోచినది. శిల్పి ముందుగా కిటికీ కొలతకు సరిగా కాగితంపై చిత్రం గీస్తాడు; దాని ననుసరించి ఒక్కొక్క రంగు గాజును ముక్కలుగా కోస్తారు. కన్నుల రేఖలు, వస్త్రపు మడతలు, వేళ్ళ నీడలు లోహభస్మము, గాజు పొడి కలిపిన నల్లని రంగుతో వ్రాసి, ఆరువందల డిగ్రీలకు పైబడిన వేడిలో కాల్చగా ఆ గీత గాజులో కలిసిపోతుంది. కొన్ని చోట్ల వెండి లవణం పూసి కాల్చితే పసుపు పుడుతుంది. ఆ పిదప ముక్కలన్నిటిని రెండు వైపుల గాడి ఉన్న సీసపు పట్టీలలో ఇమిడ్చి, కీళ్ళ వద్ద మాటు వేసి, సందులలో లప్పం నింపి, ఇనుప కడ్డీల ఆధారంతో గోడలో నిలుపుతారు. బొమ్మలో మనకు నల్లని గీతలుగా కనబడే వాటిలో చాల భాగం ఆ సీసమే. చిత్రానికి రేఖ, కట్టడానికి ఎముక – రెండును అదే.

ఇంత చేసిన తరువాత కూడ బొమ్మ పూర్తి కాదు. సూర్యుడు రావలెను. బయట నుండి చూచిన మెదక్ కిటికీ మసిబారిన పలక వలె ఉంటుంది. లోపల నిలిచి చూచినవానికే రూపం. కాన్వాసుపై చిత్రకారుడు వెలుగును బొమ్మలో వ్రాస్తాడు. గాజు శిల్పి వెలుగును పిలిచి దానిచేత వ్రాయిస్తాడు. మా గుంటూరు సీమలో ఎండ అనగా మే నెలలో తలుపులు మూసుకొని తప్పించుకొను శత్రువు. ఆ ఎండకు ఇట్టి గౌరవమైన ఉద్యోగ మిచ్చినందుకైనను ఈ కళ మా ప్రాంతంవారికి మరింత దగ్గర కావలెను.

ఈ కళ ఏదో ఒక్క మతం సొత్తని భావించుట పొరపాటు. ఎనిమిదవ శతాబ్దపు ఉమయ్యద్ ఖలీఫాల రాజభవన శిథిలాలలో గచ్చు చట్రాలలో పొదిగిన రంగు గాజు లభించినది. ఇస్తాంబుల్‌లోని సులేమానియె మసీదు మిహ్రాబు గోడలో రంగు గవాక్షాలున్నవి. ఇరాను దేశపు షీరాజ్ నగరంలో 1888లో పూర్తియైన నసీరుల్ ముల్క్ మసీదులో ఉదయపు టెండ రంగుటద్దాల గుండా తివాచీలపై పరచుకొనుట చూచుటకే యాత్రికులు తెల్లవారక ముందే చేరుతారు. సీసపు పట్టీ ఒక సంప్రదాయము, గచ్చు చట్రము మరొకటి. వెలుగు మాత్రం ఒక్కటే. మన కళాశాలలో ఉర్దూ విద్యార్థులు, తెలుగు విద్యార్థులు కలిసి చదువుకొనదగిన చరిత్రపాఠం ఇంతకంటె వేరొకటి ఉండునా?

మరి విమర్శ లేదా? ఉన్నది, దానిని దాచరాదు. మెదక్ గవాక్షాలలోని ముఖాలు, వస్త్రాలు, కొండలు పాశ్చాత్య సంప్రదాయానివి. తెలుగు కూలీలు కట్టిన మందిరంలో తెలుగు ముఖం ఏదని ఒక మిత్రుడు మాతో వాదించినాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అదే కాలంలో బిషప్ అజరయ్య డోర్నకల్‌లో కట్టించి, 1939లో ప్రతిష్ఠించిన చర్చి మన గుడుల స్తంభాలను, మసీదుల గుమ్మటాలను కలుపుకొని లేచినది. మా మనస్సు డోర్నకల్ మార్గం వైపే మొగ్గుచున్నది. కాని మెదక్ గవాక్షాలను ‘పరాయివి’ అని త్రోసిపుచ్చుటకు మేము అంగీకరింపము. కలకత్తా సెయింట్ పాల్స్ కెథెడ్రల్‌లో బర్న్‌జోన్స్ రూపకల్పన చేసిన 1880 నాటి గొప్ప గవాక్షం ఉన్నది. అది వైస్రాయి మేయో ప్రభువు స్మారకం. మెదక్ గవాక్షాలు ఏ ప్రభువు స్మారకమూ కావు. ఒక కరవునాటి పల్లె ప్రజలు కట్టిన గోడలలో నిలిచినవి. అంతేగాక, మాకు కొన్ని మైళ్ళ దూరాననే ఉన్న అమరావతి స్తూపపు సున్నపురాతి శిల్పాలు, నూటికి పైగా, 1880 నుండి లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి. మన శిల్పం అటు పోయినది. వారి గాజు ఇటు వచ్చినది. ఈ లెక్క సరితూగినదని మే మనుట లేదు. అటు పోయిన దానికి పరులను అడగవలసి ఉన్నది. ఇటు వచ్చిన దానిని కాపాడుకొనుట మన చేతిలోనే ఉన్నది.

అమరావతి శాసనాలు చదివినవారికి మరొక సంగతి తెలుసు. దానమిచ్చిన వర్తకుల పేర్లు, భిక్షుణుల పేర్లు, ఒక చర్మకారుని పేరు సహితం అక్కడ చెక్కబడినవి. ఉలి పట్టినవాని పేరు కనబడుట అరుదు. ఆనాటి నుండి దాతకు ఉన్న పేరు పనివానికి లేకుండుట మనకు అలవాటైనది. సాలిస్‌బరీకి పేరున్నది గాని, ఆయన గీసిన చిత్రాల ప్రకారం గాజు కోసినవారు, కాల్చినవారు, సీసం మాటు వేసినవారు, సముద్రాలు దాటి వచ్చిన ఆ పెట్టెలను విప్పి గోడలో నిలిపినవారు ఏ పలకపైనను లేరు.

ఇప్పుడు మా అసలు అభిప్రాయానికి వచ్చెదము. గాజు వేయేండ్లు నిలుస్తుంది. దానిని పట్టుకొన్న సీసం అంత కాలం నిలువదు. ఎండకు వ్యాకోచించి, రాత్రి చల్లదనానికి సంకోచించి, గాలి ఒత్తిడికి వంగి, అది క్రమంగా అలసిపోతుంది. సీసపు ఆయుష్షు సుమారు నూరేండ్లని ఈ వృత్తిలోనివారు సాధారణంగా చెబుతారు. ఐరోపాలోని ప్రాచీన గవాక్షాలను అవసరమైనప్పుడు విప్పి, క్రొత్త సీసంలో మరల కూర్చుట పరిపాటి. మెదక్‌లోని మొదటి గవాక్షానికి 2027లో నూరేండ్లు నిండుతవి. ఆ పని రేపో మాపో అవసరమైనప్పుడు చేయగల తెలుగు చేతులు ఎన్ని? మరల లండను వైపు చూడవలెనా?

మా ఊరి స్థితిని బట్టి ఈ ప్రశ్న మాకు మరింత బాధ కలిగిస్తున్నది. ప్రత్తి, మిరప, కూరగాయలు పండిన మా పొలాలు భూసమీకరణలో రాజధానికి పోయినవి. 2015 అక్టోబరు 22న మా మండలంలోని ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన జరిగినది. పొలం ఉన్నవానికి ప్లాటు కాగితం వచ్చినది. పొలంలో కూలి చేసినవాని కొడుకునకు ఏ విద్య వచ్చినది? గోడలు కట్టుటకు, పలకలు పరచుటకు, అద్దాలు బిగించుటకు దూర రాష్ట్రాల నుండి నేర్పరులు వస్తున్నారు. రానిండు, వారును పొట్టకూటికే వచ్చినవారు. కాని మా పిల్లలు వారి ప్రక్కన ఇసుక మోయుటకే పరిమితం కావలెనా? ఇంజనీరింగు సీటు రానివాని చదువు వ్యర్థమని తలచే ఇంటి పెద్దలు, అద్దాలు బిగించేవాని కొడుకై, బడి ముఖమే సరిగా చూడక, పదునైదవ ఏట గాజు కోయుటకు కూర్చున్న సాలిస్‌బరీని ఒక్కసారి తలచుకొందురు గాక.

మా చర్చిలలోను, మసీదులలోను ఇటీవల కిటికీలకు రంగు స్టిక్కరు కాగితాలు అంటించుట చూస్తున్నాము. తక్కువ ఖర్చు, త్వరగా పని. సంఘపెద్దలను తప్పు పట్టలేము. కాని మూడు నాలుగు వేసవులకే ఆ కాగితం వెలిసి పొరలుగా లేస్తుంది. ఆ సొమ్ములో కొంత కలిపి, ఒక్క కిటికీకైనను నిజమైన రంగు గాజు మన పిల్లల చేత చేయించరాదా? ఇందుకు పెద్ద సంస్థ అక్కరలేదు. గాజు కోసే వజ్రపు కలం, సీసపు పట్టీలు, మాటు వేయు కొలిమిగోరు, చిన్న విద్యుత్ కొలిమి, నేర్పగల ఒక్క గురువు చాలును. సీసం విషం గనుక చేతి తొడుగులు, గాలి ఆడే గది తప్పనిసరి. మన కళాశాల వృత్తి విద్యా విభాగంలో ఇట్టి శిక్షణను ఆరు నెలల పాఠ్యక్రమంగా పెట్టవలెనని, మొదటి జట్టులో ఇరువురు మూడు మతాల విద్యార్థులకును చోటుండవలెనని కార్యవర్గమును కోరుచున్నాము. ఆ జట్టును మొదటి నెలలోనే మెదక్ తీసుకొనిపోయి, మూడు గవాక్షాలను ఉదయం, మధ్యాహ్నం, సాయంకాలం మూడు వేళల చూపి, అధికారుల అనుమతితో ప్రతి పలకకు ఛాయాచిత్రం తీయించి, ఆ ప్రతుల నొక దానిని అక్కడి డయాసిస్ కార్యాలయానికి, మరియొక దానిని మన గ్రంథాలయానికి ఇవ్వవలెను. ప్రయాణపు ఖర్చులో సగం విద్యార్థి సంఘం భరించుటకు సిద్ధంగా ఉన్నది.